రెండోనాటి రొట్టె

ఆళ్లగడ్డ నుంచి శిల్పి ఫోన్ చేశాడు. "మ్యాడమ్, ముఖం పని అయిపోయినాది. ముక్కు కాడనే నాకు కొంచెం అనుమానం. మీరొకసారి వచ్చి చూసి సరే అంటే పాలిష్ పట్టేస్తా," అన్నాడు.

వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు మా సార్ విగ్రహం చేయిస్తున్నారు. చనిపోయిన మాజీ వైస్ ఛాన్సలర్లకు ఛాతీ దాకా నల్లరాతి విగ్రహం పెట్టడం అక్కడి ఆనవాయితీ. పోలిక సరిచూసే పని నాకు అప్పజెప్పారు. నేను నంద్యాలలో ఉంటాను కాబట్టి ఆళ్లగడ్డ దగ్గరని ఒక కారణం. రెండో కారణం ఫోన్‌లో మాట్లాడిన ఆఫీసరు దాచుకోకుండా చెప్పాడు. "ఆయనతో ఎక్కువ పోట్లాడింది మీరే కదా మేడమ్, ముఖం బాగా గుర్తుంటుంది." నాకు కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. నిజమే మరి.

ఎప్పుడు వెళ్లాలో నేనే ఎంచుకున్నాను. శుక్రవారం పొద్దున జొన్నరొట్టెలు రెండు తట్టి, గుడ్డలో చుట్టి పెట్టాను. శనివారం వాటిని డబ్బాలో వేసుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాను. విగ్రహం విశ్వవిద్యాలయం పని. రొట్టెలు మా సార్ పని. బతికినంత కాలం పట్టుకుని వదలకుండా, తీరా ముగిసే వేళకు తాను లేకుండా పోయిన పని.

శిల్పి వాకిలి నిండా రాతిపొడి. ఒకవైపు సగం చెక్కిన ఆంజనేయుడు, ఇంకోవైపు మూతి ఇంకా తేలని నంది. ఆ ఇద్దరి మధ్యలో స్నాతకోత్సవపు గౌను వేసుకుని మా సార్. ముక్కు సరిగ్గానే ఉంది. చెవులు కూడా, ఆయనవి కొంచెం పెద్దవి, శిల్పి మొహమాటపడకుండా పెద్దవే చేశాడు. అయినా నాకెందుకో ఆయన కాదనిపించింది. చుట్టూ తిరిగి చూశాక అర్థమైంది.

"తల ఎత్తి పెట్టినావేందప్పా? మా సార్ ఎప్పుడూ కిందికే చూస్తాండె," అన్నాను.

"తల వంచితే దండెట్లా నిలుస్తాది మ్యాడమ్? జారి కిందపడ్తాది," అన్నాడు శిల్పి.

"మరి చేతులు?" అన్నాను. "ఛాతీ దాకానే ఆర్డరు," అన్నాడు. ముక్కు బాగుందని చెప్పి బయటికొచ్చాను. చేతులు లేకుండా ఆయన్ని చేయమని ఎవరో ఆర్డరిచ్చారు, పాపం శిల్పి తప్పేముంది. మా సార్ అంటే నాకు ముందు గుర్తొచ్చేవి చేతులే.

ఆయన పుట్టుక, చదువు, పతకాలు, పదవులు సంస్మరణ సంచికలో అచ్చయ్యాయి. వాటి జోలికి నేను పోను. నేను ఆయన చేతుల గురించే చెబుతాను.

నంద్యాల పరిశోధనా కేంద్రంలో నేను చేరిన రోజు. జొన్న విభాగానికి ఆయన పెద్ద. కొత్త రకాలు పుట్టించడం ఆ విభాగం పని. నా కాగితాలు చూసి, పక్కన పెట్టి, కళ్లద్దాల పైనుంచి చూస్తూ అడిగాడు.

"రొట్టె తట్టేది వస్తాదా?"

నాకు ఒళ్లు మండింది. బంగారు పతకం తెచ్చుకుని డాక్టరేటు చేసి వచ్చిన మనిషిని, ఆడదాన్నని రొట్టెలు అడుగుతున్నాడనుకున్నాను. మా అమ్మ రోజూ జొన్నరొట్టెలు తట్టేది. చదువు పేరు చెప్పి నేను ఆ పొయ్యి దరిదాపులకు పోకుండా తప్పించుకున్నాను. ఆ తప్పించుకోవడం కోసమే అంత చదివానేమో అని కూడా అనిపిస్తుంది.

"మీకు వస్తాదా సార్?" అని ఎదురడిగాను.

"వస్తాది," అన్నాడు. లేచి చొక్కా చేతులు పైకి మడిచాడు.

ప్రయోగశాల వెనక గదిలో ఒక పొయ్యి, పెనం, చెక్కపీట ఉన్నాయి. మసిలే నీళ్లు పిండిలో పోసి గరిటెతో కలిపాడు. చెయ్యి కాలుతున్నా లెక్కచేయకుండా పిసికాడు. ముద్దను పీట మీద పెట్టి తట్టడం మొదలుపెట్టాడు. అరచెయ్యి ఒకటే కదులుతోంది, పీట మీద రొట్టె తనంతట తాను గుండ్రంగా తిరుగుతోంది. పెనం మీద వేసి, తడిగుడ్డతో పైన ఒక్కసారి తుడిచాడు. రొట్టె పొంగింది. అంత పెద్ద శాస్త్రవేత్త పొయ్యి ముందు గొంతుక్కూర్చుని ఆ పొంగే రొట్టెను చూస్తున్న చూపు ఇప్పటికీ నా కళ్లముందుంది. తన బిడ్డ మొదటిసారి నిలబడినప్పుడు తండ్రి అట్లా చూస్తాడు.

నేను తట్టింది పెనం దాకా చేరకముందే రెండు ముక్కలైంది.

"నీళ్లు మసలకముందే పోస్తివి. నీకు తొందరెక్కువ," అన్నాడు. చేరిన పూటే నా గుణం పట్టేశాడు.

ఆ గది వంటకు కాదని, పరీక్షకని తర్వాత తెలిసింది. మా వైపు పచ్చజొన్న అని పాతకాలపు రకం ఒకటుంది. పసుపు గింజ. దాని రొట్టె కమ్మగా ఉంటుంది. కానీ మొక్క మనిషికి మించి పెరుగుతుంది, గాలి కొడితే పడిపోతుంది, పండేది తక్కువ. అందుకే రైతులు దాన్ని వదిలి శనగకు మళ్లారు. కొత్తగా వచ్చిన జొన్నలు బాగా పండుతాయి, వాటి రొట్టె మాత్రం వేడి మీద తినేయాలి. తెల్లారితే పలక. పాతదాని మెత్తదనం, కొత్తదాని దిగుబడి ఒక్క గింజలో ఉండాలని ఆయన పట్టు.

"వేడి మీద ఏ రొట్టయినా మెత్తగానే ఉంటాదమ్మా. దాని గుణం తెలిసేది రెండోనాడు," అనేవాడు.

ఆ రెండోనాటి పరీక్ష ఆళ్లగడ్డలో జరిగేది. పరీక్షకురాలు వాళ్ల అక్క. కొత్త రకం చేతికొస్తే శనివారం రొట్టె తట్టి, గుడ్డలో చుట్టి, ఆదివారం పొద్దున్నే బస్సెక్కేవాడు. చర్చిలో ఆరాధన ముగిశాక అక్క ఇంట్లో మూట విప్పేవాడు. అప్పటికే ఆమెకు పళ్లన్నీ ఊడిపోయాయి. చిగుళ్లతో నమలగలిగితే రకం పాసు. సోమవారం ఆయన తిరిగొచ్చేసరికి మేమందరం ముఖం చూసి ఫలితం కనిపెట్టేవాళ్లం.

అక్క ఏ ఒక్కదాన్నీ పాసు చేయలేదు. "గట్టిగుండాది" అనేది ఆమె మామూలు తీర్పు. విసుగొచ్చిన రోజు "ఇది మనుషులు తినేదేనా?" అనేది. ఒక రకానికైతే, "గోడకు సుద్ద పూసేదానికి పనికొస్తాది" అందట. ఆ మాట ఆయన మాకు చెప్పి, తనే పడీపడీ నవ్వాడు. నవ్వి, పొలంలోకి పోయి, ఆ రకం వరుసకు కట్టిన చీటీలన్నీ తెంపేశాడు.

నాకది పిచ్చిగా తోచేది. "సార్, ఆమెకు ఏదీ నచ్చదు. ఆమెకు నచ్చేది కావాలంటే మన సర్వీసు చాలదు," అని ముఖం మీదే చెప్పాను. "చాలకపోతే చాలకపోనీ," అన్నాడు.

ఒక ఆదివారం నన్నూ వెంట తీసుకుపోయాడు. ఆ బస్సులోనే అసలు సంగతి చెప్పాడు. చిన్నప్పుడే తల్లి పోతే అక్కే పెంచింది. పై చదువుకు నంద్యాల హాస్టల్లో చేరాడు. అక్కడ పెట్టే తిండి చాలేది కాదు. అక్క కూలికి పోయి వచ్చి రొట్టెలు తట్టి, గుడ్డలో మూటగట్టి, ఆళ్లగడ్డ బస్సు కండక్టరు చేతికిచ్చి పంపేది. మూట అందేసరికి రెండోనాడు. రొట్టె బిరుసెక్కి ఉండేది. తోటి పిల్లలు చూడకుండా నీళ్లలో నానబెట్టుకుని తినేవాడు.

"సెలవులకు ఇంటికి పోతే మొదటి మాట అదే అడుగుతాండె. రొట్టె మెత్తగుండెనా నాయనా అని. మెత్తగుండె అక్కా అని చెప్తాంటి. పోయినప్పుడల్లా అడుగుతాండె, పోయినప్పుడల్లా చెప్తాంటి," అన్నాడు. బస్సు కిటికీలోంచి రెండు పక్కలా పరుచుకున్న శనగచేల వైపు చూశాడు. "అది ఉండంగానే ఒక్కటన్నా నిజంగా మెత్తనిది పెట్టాలమ్మా. అంతే నా రీసెర్చి."

 

తర్వాత ఆయన వైస్ ఛాన్సలర్ అయ్యాడు. ఆ పదవి వద్దన్నాడని, ప్రభుత్వం బతిమాలి ఇచ్చిందని సంచికలో ఎవరో రాశారు. అంతా ఒట్టిది. ఆయనకు ఆ పదవి ఇష్టమే. కారు ఇంకా ఇష్టం. పోయే ముందు పొలమంతా తిరిగి, వేరే పుప్పొడి పడకుండా కంకులకు కట్టిన కాగితపు సంచులు ఒక్కొక్కటీ ముట్టుకుని చూసి, "జాగర్తగా చూసుకో" అని నాకు అప్పజెప్పి, కారెక్కి వెనక్కి చూడకుండా పోయాడు. చూస్తే దిగిపోయేవాడేమో.

అక్కడ కూడా చేతులు ఊరుకోలేదు. సభల్లో పూలగుత్తి ఇస్తే చాలు, పక్కన ఎవరు మాట్లాడుతున్నా, ఆయన ఒక్కో పువ్వునూ విప్పి, లోపలి పుప్పొడి తిత్తుల్ని గోటితో ఒడుపుగా లాగి, బల్ల మీద వరసగా పేర్చేవాడు. రెండు రకాల్ని కలపాలంటే ముందు చేయాల్సిన పని అది. తల్లి మొక్క పువ్వులోని తిత్తుల్ని తీసేస్తేనే మనం కోరిన మొక్క పుప్పొడిని దానిమీద చల్లగలం. బతుకంతా చేసిన పనిని చేతులు మర్చిపోలేదు. ఒక స్నాతకోత్సవంలో ముఖ్య అతిథి ప్రసంగం అయ్యేసరికి తన గుత్తి పూర్తిచేసి, అతిథి ముందున్న గుత్తిని కూడా మెల్లగా ఇటు జరుపుకున్నాడు. కింద ముందు వరసలో కూర్చున్న నేను చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఇంకోసారి రుద్రవరం దారిలో ఆయన కారులో పోతున్నాం. పక్కన జొన్నచేను. ఉన్నట్టుండి "ఆపప్పా" అన్నాడు డ్రైవరుతో. దిగి, సూటూ బూటూ అట్లాగే చేలో దూరాడు. చేలో అక్కడక్కడా మిగతావాటికంటే పొడుగ్గా, వేరే తీరు కంకులతో కొన్ని మొక్కలున్నాయి. రకంలో కలిసిపోయిన అట్లాంటి వేరే మొక్కల్ని కేళీలంటాం. విత్తనం చేలో అయితే అవి కనబడగానే పీకేయాలి. ఆయన పీకుతున్నాడు.

"ఎవుర్రా అది నా చేన్లో?" అని గట్టు మీంచి ఒకామె కేకేసింది.

"కేళీలు తీస్తాండానమ్మా," అన్నాడు ఈయన తల ఎత్తకుండా.

"కేళీలో గీళీలో, అవి తినే జొన్నలప్పా! నిన్నెవురు పిల్చినారు?"

డ్రైవరు పరుగెత్తిపోయి, "ఈ సార్ వైస్ ఛాన్సలర్ అమ్మా," అన్నాడు.

"ఏమన్నా కానీ. పచ్చని కంకులు పీకమని చెప్పినారా ఆ యప్పకు? ఆ బూట్లతో తొక్కేది చూడు!"

సార్ చేతిలోని మొక్కల కట్ట వైపు చూసుకున్నాడు. అప్పుడు అర్థమైంది ఆయనకు, తానున్నది పరిశోధనా కేంద్రం మడిలో కాదని. ముఖం చిన్నబోయింది. బూట్లు విప్పి చేతిలో పట్టుకుని గట్టెక్కి, "తప్పయిపోయినాది తల్లీ" అని చెప్పి, పీకిన మొక్కలన్నీ మోపుగట్టి ఆమె బర్రె ముందు తనే వేశాడు. కారెక్కాక బూట్ల మట్టి దులుపుకున్నాడు. చివరికి, "గింజ పాలు పోసుకునే అదును. రెండు వారాలు ఆగి పీకినా పాపం ఆమెకు గింజలు దక్కుండె," అన్నాడు. ఎప్పుడూ పీకకుండా ఉండొచ్చు కదా అనే ఆలోచన మాత్రం ఆయనకు రాలేదు.

ఇక మేం పోట్లాడిన సంగతి. ఆయన నాకు అప్పజెప్పి పోయిన మొక్కల్లోంచి ఒక రకం తేలింది. పచ్చగింజ. గాలికి పడదు. పాతదానికి రెండింతలకు దగ్గరగా పండింది. రైతుల చేలల్లో కూడా నిలబడింది. కొత్త రకాన్ని రైతులకు విడుదల చేయాలంటే ఒక కమిటీ ఒప్పుకోవాలి. ఆ కమిటీకి వైస్ ఛాన్సలరే అధ్యక్షుడు. తాను మొదలుపెట్టిన రకం కాబట్టి ఆ పూటకు తప్పుకుంటాడేమో అనుకున్నాను. తప్పుకోలేదు. నేను అంతా వివరించాను. కమిటీలో అందరూ తలలూపారు. ఆ విడుదల జరిగితే నాకు ప్రమోషన్ కూడా వస్తుంది.

ఆయన తల వంచుకుని బల్ల మీది పువ్వొకటి విప్పుతూ అడిగాడు. "అక్క తిన్నాదా?"

కమిటీలో ఎవరికీ అర్థం కాలేదు. నాకొక్కదానికే అర్థమైంది. ఆయన వైస్ ఛాన్సలర్‌గా వెళ్లాక నేను రొట్టె పరీక్ష మానేశాను. నిబంధనల్లో రొట్టె లేదు, అక్క అసలే లేదు.

"నిబంధనల్లో లేదు సార్," అన్నాను.

"అయితే ఇప్పుడు వద్దు," అన్నాడు.

అంతే. తిరిగొచ్చి రొట్టె తట్టించి చూశాను. రెండోనాటికి విరిగింది. అయినా నా కోపం తగ్గలేదు, ఇప్పటికీ పూర్తిగా తగ్గలేదు. రెండోనాటి రొట్టె తినేవాళ్లకంటే జొన్న పండించి అమ్ముకునే రైతులు ఎక్కువమంది, వాళ్లకది మేలు చేసేది. ఆయన చేసింది తప్పే. నేను ఆయనతో మాట్లాడటం మానేశాను.

ఆయన మాత్రం ఫోన్ చేసేవాడు. పొద్దున ఆఫీసుకు పోకముందే. "కోపం తగ్గినాదా?"

"తగ్గలేదు సార్."

"సరే. రేపు చేస్తా."

అంతకుమించి ఒక్క మాట ఉండేది కాదు. మరుసటి రోజు మళ్లీ మోగేది. వైస్ ఛాన్సలర్‌కి వేరే పనేమీ లేదా అని విసుక్కునేదాన్ని. ఒకరోజు ఏదో మీటింగులో చిక్కుకుని చేయలేదు. పది దాటినా మోగని ఫోన్ వైపు చూస్తూ కూర్చున్నానని గమనించుకుని నామీద నాకే కోపమొచ్చింది. నేనే చేశాను. "తగ్గింది సార్. ఇంక చేయొద్దు," అన్నాను.

"నువ్వు చెప్పింది కరెక్టేనమ్మా," అన్నాడు ఆయన. "రైతుకు మేలే. కానీ ఆ జొన్న నాదని ఊరంతా చెప్పుకుంటారు. అక్క తెప్పించుకోని తింటాది. గట్టిగుంటే మళ్లీ నేను అబద్ధమే పెట్టినట్లు గదా."

పదవి ముగిశాక ఆయన ఏ పట్నంలోనూ ఉండలేదు, నంద్యాలకే వచ్చేశాడు. వచ్చిన మర్నాడే చేతిసంచితో కేంద్రం గేటు దగ్గర నిలబడ్డాడు. అప్పటికి ఆ విభాగానికి పెద్దను నేను. "ఏం మ్యాడమ్, పని ఉండాదా?" అన్నాడు. ఆ వేళాకోళానికి నేను నవ్వలేదు. గేటు తీసి పట్టుకున్నాను.

విరిగిన ఆ రకాన్నే తీసుకుని, పాత పచ్చజొన్నతో మళ్లీ కలిపాం. ఈసారి తిత్తులు లాగే చిమటా పట్టుకున్నది నేను. ఆయన చేతులు వణకడం మొదలైంది. జొన్న పువ్వు నూకగింజంత ఉంటుంది. దాంట్లోంచి మూడు తిత్తులు చిట్లకుండా తీయాలి. ఆయన పక్కనే పీట వేసుకుని కూర్చుని, నా చేతుల్నే చూస్తూ, "అద్దో, ఒకటి మిగిల్చినావు. నీకు తొందరెక్కువ," అని గుర్తుచేస్తూ ఉండేవాడు. కంకికి నేను సంచి తొడిగితే దారం మాత్రం తనే కట్టేవాడు. ఆ వణికే చేతులతో ముడి పడటానికి చాలాసేపు పట్టేది. నేను ఎంత తొందర మనిషినైనా ఆ ముడి కోసం ఆగేదాన్ని.

ఒక కాపు తర్వాత ఒక కాపు, ఏరి, విత్తి, మళ్లీ ఏరి, కొన్నేళ్లకు పనికొచ్చేటట్టున్న వరుసలు కొన్ని మిగిలాయి. అక్క మంచం పట్టిందని కబురొచ్చినప్పుడల్లా ఆయన ఆ వరుసల మధ్య నిలబడి, "ఈ కాపు దాకా ఉంటే చాలమ్మా, ఈ కాపు దాకా చాలు," అనేవాడు. అక్క ప్రతిసారీ లేచి కూర్చునేది.

పోయింది ఆయన. కిందటి చలికాలం, నిద్రలోనే. అప్పటికి కంకులు పాలు పోసుకుంటున్నాయి. ఆళ్లగడ్డలో వాళ్లమ్మ సమాధి పక్కనే మట్టి చేశారు. అక్కను కుర్చీలో కూర్చోబెట్టి ఎత్తుకొచ్చారు. ఆమె ఏడవలేదు. శవపేటిక వైపు చూస్తూ, "రాత్రి తిన్న్యాడా వాడు?" అని అడిగింది. నేనే, "తిన్న్యాడు పెద్దమ్మా," అన్నాను. నాకేం తెలుసు? ఆ అబద్ధం ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

పంట కోశాం. ఆరబెట్టి, దంచి, ఒక్కో వరుస గింజ వేరుగా పిండి పట్టించాను. నా చేతులతోనే తట్టాను. ఇప్పుడు నా రొట్టె విరగదు. రెండోనాడు గుడ్డ విప్పి ఒక్కొక్కటీ వంచి చూశాను. ఒక వరుస రొట్టె మాత్రం మడత పడింది, విరగలేదు. మళ్లీ తట్టాను, మళ్లీ వంచాను. మా వాళ్లు మెత్తగా ఉందన్నారు. నేను నమ్మలేదు. మాకందరికీ పళ్లున్నాయి కదా.

అందుకే శిల్పి ఫోన్ రాగానే, ఆ వరుస జొన్నతో మళ్లీ రెండు రొట్టెలు తట్టుకుని శనివారం బస్సెక్కాను.

విగ్రహం చూశాక నడుచుకుంటూ అక్క ఇంటికి పోయాను. కొడుకు, కోడలు పనికి పోయినట్టున్నారు. ఆమె ఒక్కతే వాకిట్లో నీడకు నులకమంచం మీద కూర్చుని ఉంది. చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి గుర్తుపట్టింది.

"ఎవురూ, మా వాని కాడ పనిచేసే సాయిబుల పాపా? రా మా, కూర్చో. ఏందది డబ్బా?"

"రొట్టె తెచ్చినా పెద్దమ్మా. నిన్న తట్టింది."

ఆమె ముఖం మారింది. చెయ్యి చాచింది. రొట్టె చేతిలో పెట్టాను. దాన్ని ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంది. ప్రార్థన చాలాసేపు సాగింది. తర్వాత వేళ్లతో అంచంతా తడిమింది. మడిచింది. మడత పడింది. చిన్న తునక తుంచి నోట్లో పెట్టుకుని, చిగుళ్ల మధ్య అటూ ఇటూ తిప్పుతూ నమిలింది. నా పరీక్షా ఫలితాల కోసం కూడా నేను ఎప్పుడూ అంత భయపడలేదు.

"మెత్తగుండాది," అంది.

ఇన్నేళ్లు ఎదురుచూసిన మాట. వినగానే సంతోషం కావాల్సింది, అనుమానమొచ్చింది. ఆయన ఆమెకు చెప్పిన అబద్ధం సరిగ్గా ఆ మాటే.

"నిజం చెప్పు పెద్దమ్మా. హాస్టల్లో ఉన్నప్పుడు సార్ నీకు చెప్పినట్లు చెప్తాండావా?" అన్నాను. నా నోటికి తొందరెక్కువ.

ఆమె నమలడం ఆపి నా వైపు చూసింది. "నీకు చెప్పినాడా ఆ సంగతి?" అని, బోసినోటితో నవ్వింది. "వాడు అబద్ధం చెప్తాండాడని నాకు తెల్దనుకుంటివా? వానికి పంపేటప్పుడు ఒకటి నా కాడ పెట్టుకుంటాంటి. వాడు తినే నాడే నేనూ తింటాంటి. ఆడ వాడేం తింటాండాడో నాకు తెలియాల గదా. రాయమ్మా అది. రాయి."

"మరి సార్‌కు ఎప్పుడూ చెప్పలేదేం?"

"ఎట్లా చెప్తా? అక్క గూడా ఇదే తింటాందని తెలిస్తే ఆ తునక గూడా దిగుతుండెనా వానికి?"

నేను ఏడ్చాను. దాచుకునే ప్రయత్నం కూడా చేయలేదు. బతుకంతా ఆయన ఆమె కోసం పెట్టిన పరీక్ష, ఆయన కంటే ముందే ఆమె ఆయన కోసం పెట్టుకుంది. ఆ మాట ఆయన వినకుండా పోయాడు.

"ఏడుస్తావేంది?" అని కసిరింది. "వాడు తెచ్చినవన్నీ గట్టిగుంటే గట్టిగుండాదనే చెప్తి గదా. నీకు అబద్ధం చెప్తే నాకేం వస్తాది? మెత్తగుండాది. నిజంగానే మెత్తగుండాది."

ఆయన తెచ్చిన ఏ రొట్టెనూ ఆమె సగానికి మించి తినలేదని ఆయనే చెప్పేవాడు. ఇప్పుడు తునక తునకగా మొత్తం తినేసింది. కొంగుతో నోరు తుడుచుకుని మళ్లీ చెయ్యి చాచింది.

"ఇంకోటి ఉండాదా?"

ఉంది. ఆమె ముందు కూర్చుని నేను తినాలని తెచ్చుకున్నది. తీసి ఇచ్చాను. ఆమె దాన్ని తినలేదు. నా డబ్బాలోని గుడ్డ లాక్కుని, రొట్టెను అందులో చుట్టి, ముడేసి, దిండు పక్కన పెట్టుకుంది.

"ఇది రేపు తింటా," అంది. "రేపు ఆదివారం. చర్చి కాడినించి వాని కాడికి పోవాల. రేపు గూడా మెత్తగుంటే అప్పుడు చెప్తా వానికి."